ఖాళీ కుర్చీ కొలత

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితంలో ఇరవై మూడు అంశాలున్నాయి. గురువారం ఉదయానికి వాటిలో ఇరవై రెండింటి పక్కన టిక్కులు పడ్డాయి. మిగిలిన ఒక్కటీ వస్తువు కాదు, మనిషి. 'తుంటి మార్పిడి తరవాత ఆరు వారాలు రేయింబవళ్ళు ఇంట్లో తోడుండే వ్యక్తి' అన్న చోట సంతకం కావాలి. ఆ సంతకంతో కాగితం శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా చేరకపోతే మంగళవారపు ఆపరేషన్ వేరొకరికి పోతుంది, మళ్ళీ తేదీ దొరకడానికి ఏడు నెలలు పడుతుంది. మంచానికీ స్నానాలగదికీ మధ్య ఉన్న పదకొండు అడుగులను రోజుకు ఎనిమిది మార్లు పళ్ళబిగువున దాటుతున్న మనిషికి ఏడు నెలలంటే ఏమిటో కాలెండరు చూసి చెప్పలేం.

ఆ మనిషిని ఒకప్పుడు ఆఫీసులో మిల్లీమీటరమ్మ అనేవారు. ఆవిడ ముప్పై నాలుగేళ్ళు భూముల పటాలు గీసింది. పటంలో గీత మిల్లీమీటరులో మూడోవంతు జరిగితే నేలమీద ఒక మనిషి పడుకునేంత మేర చేతులు మారుతుందనీ, దానికోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకుంటారనీ కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే చెప్పేది. ఆ పేరు వెనకాల పెట్టినదే అయినా ముందుకు వచ్చాక ఆవిడ కాదనలేదు. లోలోపల దాన్ని బిరుదుగానే దాచుకుంది.

తోడుమనిషి దొరకకపోవడానికి కారణం ఊళ్ళో మనుషులు లేకపోవడం కాదు. ఏజెన్సీ పంపిన మొదటి ఆయా కుర్చీలో కాలుమీద కాలు వేసుకుని కూర్చున్న పాపానికి గుమ్మం దాటింది. రెండో ఆయాను, "నా తుంటి తొంభై డిగ్రీలు మించి వంగకూడదన్నారు. తొంభై డిగ్రీలంటే ఎంతో తెలుసా?" అని అడిగితే, "జ్వరం లేనట్టే కదండీ, భయం లేదు" అంది. నవ్వవలసిన చోట మిల్లీమీటరమ్మ నవ్వలేదు. కొడుకు రైలింజను నడుపుతాడు కనక వారంలో నాలుగు రోజులు పట్టాలమీదే ఉంటాడు. కోడలిది మందుల కంపెనీలో షిఫ్టుల ఉద్యోగం. చివరికి ఆ అమ్మాయి అడగలేక అడిగింది: "అత్తయ్యా, పోనీ మా అమ్మను రమ్మననా?"

మిల్లీమీటరమ్మ కాగితం మీది గడువు మరోసారి చూసుకుని, రమ్మనమంది.

వియ్యపురాలు దర్జీ. రెండు వీధుల అవతల సొంత షాపు. ఈ పదకొండేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకే గదిలో అరగంటకు మించి ఉన్నది మనవరాలి పుట్టినరోజులకే, అదీ మధ్యలో కేకు ఉండబట్టి. తిట్టుకున్న రోజు ఒక్కటీ లేదు. తిట్టుకుని ఉంటే ఎప్పుడో తేలిపోయేది. ఇద్దరూ ఒకరినొకరు 'వదినగారూ' అని పిలుచుకునేవాళ్ళు. ఆ 'గారు'లో ఎంత విషం పట్టగలదో అంతా పట్టించేవాళ్ళు.

పది గంటలకు వియ్యపురాలు వచ్చింది. మెడలో గొలుసు ఉండవలసిన చోట కొలత టేపు ఉంది.

"రండి వదినగారూ. మీరు మా ఇంటికి రావడం మా అదృష్టం."

"అదృష్టందేముంది వదినగారూ, అవసరం పిలిచింది. అదృష్టమే అయితే ఇంతకుముందే పిలిచేది." చెప్పులు విప్పి గోడవారకు, దారికి అడ్డం లేకుండా పెట్టింది. "ఆరు వారాలు షాపు మూయాలి. షట్టరు మీద ఏమని రాయను? 'వియ్యపురాలి తుంటి కారణంగా' అని రాస్తే జనం నవ్విపోతారు."

"సొంత పనుల మీద అని రాయండి."

"సొంత పనా!" అంది వియ్యపురాలు, ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసి. "సరే, ఆ కాగితం ఇటివ్వండి. చూడకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు."

"నేను టిక్కు పెట్టినవి మళ్ళీ చూడక్కర్లేదు."

"మీరు పెట్టారనే చూస్తున్నా."

మొదటి తప్పు ముందుగదిలోనే దొరికింది. 'తివాచీలు, పట్టాలు తొలగించాలి' అని కాగితంలో ఉంది. మిల్లీమీటరమ్మ తివాచీ తియ్యలేదు. నాలుగు మూలలా వెడల్పాటి టేపుతో నేలకు అతికించింది.

"ఇదేంటి?"

"కదలదు. లాగి చూడండి."

"తొలగించమన్నారు. అతికించమన్లేదు. చదువుకున్నవారు, నేను చెప్పాలా?" అని వియ్యపురాలు వంగి, ఒక్కో మూలా చర్రుమని ఊడదీసి, తివాచీని చుట్టి తలుపు వెనక నిలబెట్టింది. మిల్లీమీటరమ్మ చేతికర్ర మీద ఆని చూస్తూ ఉండిపోయింది. తన ఇంటి నేల ఆ మేర తనకు కొత్తగా, ఎవరో విప్పి చూపించినట్టుగా ఉంది. సంతకం కావాలి కాబట్టి వంటగది వైపు దారి చూపింది.

వంటగదిలో రెండోది. ఒంగకుండా, నిక్కకుండా అందేలా సామాన్లన్నీ నడుముకూ భుజానికీ మధ్య ఉండాలన్నారు. మిల్లీమీటరమ్మ ఆ లెక్క ప్రకారమే రెండు అరలు నింపి, ఉప్పు, పంచదార, టీపొడి అని సమాన అక్షరాలతో చీటీలు అతికించింది. వియ్యపురాలు వాటి ముందు నిలబడి చెయ్యెత్తింది. టీపొడి డబ్బా అందుకోవడానికి చెయ్యి నెత్తి దాటించాల్సి వచ్చింది.

"ఎవరి భుజానికి కొలిచారు వదినగారూ?"

"పేషెంటు భుజానికి. కాగితంలో అలాగే ఉంది."

"పేషెంటు మంచంలో ఉంటుంది. పొయ్యి దగ్గర ఉండేది నేను. మీ భుజం నాకు నెత్తి." డబ్బాలన్నీ కింది అరలోకి దిగాయి. చీటీలు అతికించిన వరస కాస్తా చెదిరి, పంచదార ఉప్పు పక్కకు చేరింది.

"వరస..." అంది మిల్లీమీటరమ్మ.

"నాకు చదవడం వచ్చు. మా షాపులో బొత్తాల డబ్బాలు నూట నలభై ఉన్నాయి, వాటికి చీటీల్లేవు. మూత తియ్యకుండా ఏది ఎక్కడుందో చెప్తాను. అయినా గొప్పలు మనకెందుకు లెండి."

స్నానాలగదిలో గోడకు బిగించిన కడ్డీ మాత్రం గట్టిగా ఉంది. వియ్యపురాలు దాన్ని పట్టుకుని తన బరువంతా వేసి వేలాడింది. ఊడుతుందని ఆశపడి ఊడనందుకు చిన్నబోయినట్టే కనపడింది. కమోడు మీది ఎత్తు సీటు, జారని చాప, ఒంగకుండా వస్తువులు తీసుకునే పొడుగాటి పట్టకారు అన్నీ చూసి, ఏమీ అనకుండా బయటికి వచ్చింది. అనకపోవడమే ఆవిడ ఇవ్వగలిగిన మార్కులు.

ఇక కుర్చీ. మిల్లీమీటరమ్మ ఎదురుచూస్తున్నది దీనికోసమే. కూర్చున్నప్పుడు మోకాళ్ళు తుంటికన్నా పైకి రాకూడదు. వస్తే కొత్త కీలు గూట్లోంచి జారిపోతుంది. ఆవిడ మోకాలి మడత నేలకు నలభై నాలుగు సెంటీమీటర్ల ఎత్తున ఉంది. దానిమీద అయిదు కలిపితే నలభై తొమ్మిది. చేతులున్న పాత కుర్చీని వడ్రంగికి చూపించి, నాలుగు కాళ్ళ కిందా గుంటలు తీసిన చెక్కదిమ్మలు పెట్టించి, స్కేలు ఆనించి, కళ్ళద్దాలు మార్చి మరీ చూసుకుంది. సరిగ్గా నలభై తొమ్మిది.

"ఇది కొలిచి చూసుకోండి వదినగారూ," అంది, ఉదయం నుంచి మొదటిసారి గొంతు పెంచి. "ఒక్క మిల్లీమీటరు తేడా ఉంటే మీరేది చెప్తే అది వింటాను."

వియ్యపురాలు టేపు తియ్యలేదు. "కూర్చోండి," అంది.

"కొలవమన్నాను."

"కూర్చోమన్నాను."

మిల్లీమీటరమ్మ కర్ర పక్కన పెట్టి కూర్చుంది. కుర్చీ మీది మెత్త బుస్సుమంది. అప్పుడు వియ్యపురాలు మోకాళ్ళ మీద కూలబడి, మెడలోంచి టేపు లాగి, నేలనుంచి తొడ అడుగు దాకా పట్టింది.

"నలభై మూడు."

"అసంభవం."

"మీ మోకాళ్ళు చూసుకోండి. అద్దం తేనా?"

మిల్లీమీటరమ్మ చూసుకుంది. మోకాళ్ళు తుంటికన్నా ఎత్తుగా, అద్దం లేకుండానే ఎవరైనా చూడగలిగేంత స్పష్టంగా ఎత్తుగా ఉన్నాయి.

"మీరు ఖాళీ కుర్చీని కొలిచారు వదినగారూ. మెత్త ఆరు సెంటీమీటర్లు దిగుతుందని లెక్కలో వెయ్యలేదు. ఆపరేషన్ అయిన మూడో రోజు ఇందులో కూర్చుంటే కీలు టక్కున జారేది. మళ్ళీ స్ట్రెచరు, మళ్ళీ ఆసుపత్రి. 'ఎవరయ్యా తోడున్నది?' అంటే నా పేరు." వియ్యపురాలు లేచి టేపు చుట్టుకుంది. "అయినా ఇది మీకు కొత్త కాదుగా. ఆ కోటునీ ఇలాగే కొలిచారు."

కోటు మాట పదకొండేళ్ళ తరవాత ఆ రోజే బయటికి వచ్చింది. పిల్లల పెళ్ళయిన కొత్తలో వియ్యపురాలు తనంతట తనే కొలతలు తీసుకుని, మోకాళ్ళ కిందిదాకా వచ్చే ముదురు నీలం కోటు కుట్టి పంపింది. మిల్లీమీటరమ్మ దాన్ని తొడుక్కోలేదు. ముందు బల్లమీద పరిచి స్కేలుతో కొలిచింది. తరవాత, 'ఎడమ అంచు కుడి అంచుకన్నా 1.5 సెం.మీ. తక్కువ. సరిచేయగలరు' అని చీటీ రాసి, గుండుసూదితో గుచ్చి తిప్పి పంపింది. ఆ కోటు మళ్ళీ రాలేదు.

"తప్పుంది కాబట్టి పంపాను," అంది మిల్లీమీటరమ్మ. "తప్పు ఎత్తిచూపడం నేరమా?"

"తప్పు నా కుట్లో లేదు, మీ ఒంట్లో ఉంది. కొలతలు తీసేప్పుడే చూశాను. మీ ఎడమ తుంటి అరంగుళం కిందికి ఉంది. అంచు సమానంగా కుడితే వేసుకున్నాక ఎడమవైపు వేలాడుతుంది. ఆ అరంగుళం ఎడమవైపు తగ్గించి కుట్టాను, నలుగురిలో నిటారుగా కనిపిస్తారని. మీరు దాన్ని ఒంటిమీద వేసి చూసుంటే తెలిసేది. బల్లకి తుంటి ఉంటుందా వదినగారూ?"

నిందకు జవాబు వెతకడం మిల్లీమీటరమ్మకు అలవాటే. ఇప్పుడు మాత్రం ఆవిడ వెతుకుతున్నది ఆ కోటు వచ్చిన తేదీ. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూపిస్తూ అన్న మాట గుర్తొచ్చింది: కీలు గిన్నె పుట్టుకతోనే లోతు తక్కువ, అరుగుదల ఏళ్ళతరబడి జరిగింది, పదేళ్ళ ముందు తెలిసి ఉంటే చెప్పులో చిన్న ఎత్తు వేసి, వ్యాయామంతో చాలాకాలం నెట్టుకొచ్చేవారు. 'కాలు తేడా ఇంట్లో ఎవరూ గమనించలేదా అమ్మా?' అని కూడా అడిగాడు. లేదని చెప్పింది.

"అంటే మీకు అప్పుడే తెలుసు." గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "నా తుంటి దిగిందని పదకొండేళ్ళ కిందట చూశారు. చూసి, నోరు మూసుక్కూర్చున్నారు."

"చెప్పడానికే కోటు పంపాను. మీరు చీటీ పంపారు."

"కోటు చెప్తుందా? మీకు నోరు లేదా? ఒక్క మాట, 'వదినగారూ, డాక్టరుకి చూపించుకోండి' అని ఒక్క మాట అనుంటే నాకీ కోత ఉండేది కాదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది మీరు."

"తుంటి మీద కొడితే పళ్ళు రాలాయన్నట్టుంది! మీ ఎముక అరిగితే దానికి నా నోరా కారణం?" వియ్యపురాలి ముఖం ఎర్రబడింది. "చెప్తే వినేవారేనా మీరు? ఒక దర్జీది, నాలుగో తరగతి దాటనిది, పటాలు గీసినావిడకి నీ కాలు పొట్టి అని చెప్పాలా? దానికీ చీటీ గుచ్చి పంపేవారు. మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మా అమ్మాయి ఈ ఇంట్లో పదకొండేళ్ళుగా కొలతలతో అన్నం తింటోంది, నాకు తెలీదనుకున్నారా?"

"కోడలి సంగతి ఇందులోకి లాగకండి."

"లాగను. దేన్నీ లాగను. సంతకమూ పెట్టను. వేరే మనిషిని చూసుకోండి, తొంభై డిగ్రీలు తెలిసినదాన్ని."

సంచీ తీసుకుని వియ్యపురాలు గుమ్మం దాకా వెళ్ళింది, చెప్పుల్లో కాలు పెట్టింది.

మిల్లీమీటరమ్మ పిలవకూడదనుకుంది. లేచి, కర్ర పట్టుకుని, తలెత్తుకుని, తలుపు తానే వెయ్యాలనుకుంది. చేతుల్ని కుర్చీ చేతుల మీద నొక్కి పైకి లేవబోయింది. మోకాళ్ళు ఎత్తుగా, తుంటి పల్లంగా ఉన్నాయి. ఎడమ గజ్జలోంచి నొప్పి తొడ పొడవునా గీత గీసినట్టు దిగింది. మళ్ళీ మెత్తలో పడింది. రెండోసారి కుడికాలు వెనక్కి లాగి ప్రయత్నించింది. లేవలేదు. పక్కన ఆనించిన కర్ర జారి, అందనంత దూరాన పడింది.

తలుపు చప్పుడు కాలేదు. అంటే వియ్యపురాలు ఇంకా అక్కడే ఉంది, చూస్తోంది.

"లేవలేకపోతున్నారా?"

"లేస్తాను."

"ఎప్పుడు?"

మిల్లీమీటరమ్మ మూడోసారి ప్రయత్నించింది. నుదుటిమీద చెమట పట్టింది. అప్పుడు, మంగళవారం తేదీ పోతుందన్న భయంతో కాదు, ఈ క్షణాన ఈ కుర్చీలోంచి బయటపడే దారి ఒక్కటే ఉందన్న లెక్క తేలడంతో అంది: "చెయ్యివ్వండి."

"ఏంటీ? వినపడలేదు."

"వినపడింది మీకు. చెయ్యివ్వండి."

వియ్యపురాలు చెప్పులు విప్పింది. "జాలిపడి కాదు. మిమ్మల్నిలా వదిలేసి పోతే సాయంత్రం మా అల్లుడొచ్చి, 'ఏంటత్తయ్యా, మీరుండగానే?' అంటాడు. ఆ మాట పడలేను." కర్ర తీసి దగ్గర పెట్టింది. తన పాదాన్ని మిల్లీమీటరమ్మ కుడి పాదానికి అడ్డంగా ఆనించి, చంకల కింద చేతులు దూర్చి, "ఎడమకాలు ముందుకి చాపండి. ఒంగొద్దు. ఇప్పుడు," అంది. ఒక్క ఊపులో లేపింది. ఆ చేతుల్లో మెషీను నూనె వాసన ఉంది. పొట్టి మనిషే కానీ పట్టు మాత్రం గోడకు బిగించిన కడ్డీకేం తీసిపోదు.

ఇద్దరూ ఎదురెదురుగా, ఒకరి ఊపిరి మరొకరికి తగిలేంత దగ్గరగా నిలబడ్డారు. మిల్లీమీటరమ్మ అప్పుడు కూడా థాంక్స్ చెప్పలేదు.

"సంతకానికి మీకేం కావాలి?"

"చీటీ," అంది వియ్యపురాలు, ఆలోచించుకునే పని లేకుండానే. "ఆ కోటు సరిగ్గా ఉందని. ఆ చీటీ రాసిన చేత్తోనే."

"కొలవనిదాన్ని రాయను."

"కోటు లేదు. ముక్కలు చేసి మీ మనవరాలికి గౌను కుట్టాను."

"కోటు కాదు. నన్ను కొలవండి."

వియ్యపురాలు ఆవిడను గోడకు నడుము ఆనేలా నిలబెట్టి, నేలమీద కూర్చుని, కుడి మడమ నుంచి తుంటి ఎముక మొన దాకా టేపు పట్టింది. ఎడమవైపూ పట్టింది. "కుడి తొంభై. ఎడమ ఎనభై ఏడు పాయింటు ఎనిమిది."

"టేపు నాకు చూపించండి."

"అంకె మీ తుంటి దగ్గరుంది. ఒంగి చూసుకోండి."

మిల్లీమీటరమ్మ ఒంగలేదు. ఒంగగలిగితే ఈ ఆపరేషనే అక్కర్లేదు. ముప్పై నాలుగేళ్ళలో మరొకరు చదివిన అంకెను తను చూడకుండా ఒక్క పటంలోనూ వేసుకోలేదు. ఇప్పుడు ఈవిడ నోట వచ్చిన అంకెను నమ్మాలి. మంగళవారంనుంచి ఆరు వారాల పాటు ఇలాంటివి ఎన్నో నమ్మాలి: మంచం ఎత్తు, మాత్రల వేళ, మేజోడు తొడిగే చెయ్యి.

"రెండు పాయింటు రెండు తేడా," అంది చివరికి. "ఆ రోజున?"

"అరంగుళం. చెప్పాగా."

"అరంగుళం అంటే ఒకటి పాయింటు రెండు ఏడు సెంటీమీటర్లు. నేను కొలిస్తే ఒకటిన్నర వచ్చింది. మీరు రెండు మిల్లీమీటర్లు ఎక్కువ తగ్గించారు."

"అది కుట్టు మడత!" అంది వియ్యపురాలు పళ్ళు నూరుతూ.

మిల్లీమీటరమ్మ బల్ల దగ్గరకు నడిచింది. నిలబడే, ఒత్తయిన అక్షరాలతో రాసింది: 'నీలం కోటు నా వంటికి సరిగా కుట్టబడినది. బల్లపై కొలుచుట పొరపాటు. కుట్టు మడత విషయమున అభిప్రాయభేదము కలదు.' కింద సంతకం చేసింది, తేదీ వేసింది. వియ్యపురాలు దాన్ని పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగింది. నాలుగు మడతలు పెట్టి సంచీ లోపలి అరలో వేసుకుంది. తరవాత కుర్చీమీది మెత్త లాగి గోడవైపు విసిరి, "సాయంత్రానికి దీనికి చెక్క పలక కొట్టించండి. పలక మీద మీరు కూర్చున్నాక కొలుస్తాను," అంది.

అప్పుడు ఆసుపత్రి కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టింది. పక్కనే 'పేషెంటుతో సంబంధం' అన్న గడి ఉంది. అందులో కొంచెం వంకరగా 'దర్జీ' అని రాసింది.

"అది తప్పు," అంది మిల్లీమీటరమ్మ వెంటనే. "వాళ్ళు అడిగింది సంబంధం. వృత్తి కాదు."

"సంబంధమే రాశాను. మన మధ్య ఉన్నది అదొక్కటే. మిగతాది పిల్లలు చేసుకున్నది."

మిల్లీమీటరమ్మ చేతిలో కలం ఉంది. గడి కింద చిన్న అక్షరాల్లో 'కొట్టివేతలున్న పత్రములు స్వీకరింపబడవు' అని అచ్చయి ఉంది. ఆవిడ ఆ వాక్యం చదివింది, పైన ఉన్న మాట చదివింది. కలానికి మూత పెట్టి, కాగితాన్ని కవరులో దూర్చి, అంచు నాలుకతో తడిపి గట్టిగా అంటించింది.

"మంగళవారం ఎన్నింటికి బయల్దేరాలి?" అని అడిగింది వియ్యపురాలు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ.

"ఆరింటికి. ఆలస్యం చెయ్యకండి."

"అయిదూ యాభైకి వస్తాను. మీరు సిద్ధంగా లేకపోతే ఉన్నపళంగా ఎత్తుకుపోతాను, వదినగారూ."

"రండి చూద్దాం, వదినగారూ."